లివిడ్ అంటే ఎర్రబడటం కాదు

లివిడ్ (livid) అనే ఇంగ్లీషు మాట వినగానే చాలామంది కోపంతో ఎర్రబడ్డ ముఖాన్ని ఊహించుకుంటారు. కానీ లాటిన్ మూలం లివిడస్‌కి అర్థం నీలం కలిసిన బూడిద రంగు, అంటే సీసం రంగు. మన 'కమిలిన' అనే మాట దీనికి చక్కగా సరిపోతుంది: లివిడ్ బ్రూజ్ అంటే కమిలిన దెబ్బ. వాయుగుండం పట్టినప్పుడు విశాఖ ఆర్కే బీచ్ మీద కమ్ముకునే మబ్బునీ లివిడ్ అనొచ్చు. పోస్ట్‌మార్టం రిపోర్టులో కనిపించే లివిడిటీ కూడా ఈ కుటుంబమే. చనిపోయాక రక్తం కిందివైపుకు దిగి చర్మం మీద పడే మచ్చలవి.

కోపం అర్థం తర్వాత వచ్చింది. ఆగ్రహంతో ముఖం పాలిపోవడాన్ని 'లివిడ్ విత్ రేజ్' అనేవారు, పోనుపోను లివిడ్ ఒక్కటే చాలింది.

వాడుకలో చోటు చూసుకోవాలి. 'షి వాజ్ లివిడ్' అంటే కోపం. 'లివిడ్ స్కార్' అన్నట్టు నామవాచకం ముందు వస్తే చాలాసార్లు రంగు. ఇది ఇప్పటికే పతాకస్థాయి మాట కాబట్టి 'వెరీ లివిడ్' పొసగదు, 'అబ్సల్యూట్లీ లివిడ్' అనండి. గాజువాక బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే మాత్రం 'అనాయ్డ్' చాలు. పలకడం లివిడ్, లైవిడ్ కాదు. కళ్లకు కట్టినట్టుండే అనే అర్థమున్న వివిడ్‌తో అసలే కలపకండి.