నారింజ రంగు కోను

"ఈ కోను బొమ్మ ఉన్నదాంట్లో పెడతానమ్మా, ఇది దేన్నయినా చూపిస్తుంది" అన్నారు స్టూడియో ఆయన. నిజమే. గీతలు పడ్డ అమ్మానాన్నల పెళ్లి సీడీలో తాతయ్య తలపాగా సర్దుకుంటూ కనిపించారు.

కంప్యూటర్‌లో వీడియోలు చూపించే ఆ కోను బొమ్మ ప్లేయర్ పేరు వీఎల్‌సీ. దీని పుట్టుక భలే తమాషా. 1996లో పారిస్ శివారులోని ఒక ఇంజినీరింగ్ కళాశాల విద్యార్థులు క్యాంపస్ నెట్‌వర్క్‌లో వీడియోలు పంపడానికి మొదలుపెట్టారు. (అసలు ఆశ వేరు: ఆటలకు వేగమైన నెట్‌వర్క్ కావాలి!) దాని కోడ్‌ను అందరికీ ఇచ్చేయడానికి 2001లో కళాశాల ఒప్పుకుంది, అది అందరిదీ అయింది. ఆ కోను, వాళ్లు రోడ్ల మీద నుంచి పోగేసుకొచ్చిన కోనుల గుర్తు. ఇన్నేళ్లలో నన్ను ఒక్క రూపాయి అడగలేదు, ఒక్క ప్రకటనా చూపలేదు.

తిరిగి వస్తుంటే లీలామహల్ కూడలిలో పోలీసు ఒకాయన అచ్చం అలాంటి కోనులే వరుసగా పెడుతున్నారు. నవ్వాగలేదు.

ఫోనులో నాన్న మాత్రం, "తలపాగా ఏ రంగులో ఉంది?" అని అడుగుతూనే ఉన్నారు.