పడక కుర్చీ కోసం వేలంపాటకి వెళ్ళాను

మా తాతగారి పడక కుర్చీ పంపకాల్లో బాబాయి వాటాకి పోయింది. చేతులు రెండూ బారుగా ముందుకొచ్చి, వాటి కింద మడిచి ఉన్న పలకలు బయటికి తిప్పితే కాళ్ళు చాపుకునే రకం. ఇంగ్లీషులో ప్లాంటర్స్ చైర్ అంటారు, కాఫీ తోటల బంగళాల్లో దొరలు వాడేవారట. అది నెల్లూరు ఇంట్లోంచి వెళ్ళిపోయిన పాతికేళ్ళకి, చెన్నైలో నాకు మళ్ళీ దాని మీద మనసు పడింది. కొత్తది చేయించుకోవచ్చుగా అన్నారు మా ఆయన. నేను వినలేదు. పాత సామాన్ల షాపులో అడిగితే 40,000 చెప్పారు. ఆ షాపతనే మాటల్లో, తమకి సరుకు ఎక్కువగా వేలంలో దొరుకుతుందని నోరు జారాడు.

మౌంట్ రోడ్డు వైపు ఉన్న ఒక వేలం హాలు పట్టుకున్నాను. ఆదివారం పాట, శనివారం సరుకు చూసుకోవచ్చు. మా వడ్రంగి మేస్త్రీని వెంట తీసుకెళ్ళాను. ఈ మొత్తం వ్యవహారంలో దండగ కాని ఖర్చంటూ ఉంటే ఆయనకిచ్చిన 500 రూపాయలే.

నేను కుర్చీ ముందు నిలబడి మురిసిపోతుంటే ఆయన దాన్ని బోర్లా తిప్పేశారు. "పైన పాలిష్ కొట్టేవాడు అడుగున కొట్టడమ్మా, నిజం అక్కడే ఉంటుంది" అన్నారు సగం తమిళంలో. అడుగున చెక్క ఎండి నల్లబడింది, చిత్రిక పట్టిన గాట్లు చేతికి తగులుతున్నాయి. గోటితో గీకితే లోపల బంగారు రంగు, తోలు లాంటి వాసన. టేకే. తర్వాత అరచేత్తో నాలుగు దెబ్బలు కొట్టి నేల మీద చూశారు. తాజా పొడి రాలితే లోపల పురుగు ఇంకా తింటోందని లెక్క, ఖాళీ చిల్లులుంటే పాత సంగతి. రాలలేదు. పేము అల్లిక మధ్యలో చిరిగింది కానీ, చట్రానికి వరసగా చిల్లులున్నాయి. అంటే చేత్తో అల్లినది. మిషన్ మీద నేసిన పేము చాప అయితే గాడిలో పెట్టి బిగిస్తారు.

వెనక కుడి కాలు దగ్గర మాత్రం ఆయన చెయ్యి ఆగిపోయింది. లోపలి వైపు ప్లస్ గుర్తున్న స్క్రూ. "ఈ కాలు తర్వాత వేసింది." కేటలాగులో వందేళ్ళు దాటిన కుర్చీ అని రాశారు. ప్లస్ గాడి ఉన్న ఫిలిప్స్ స్క్రూలు 1930లలో గానీ బజారుకి రాలేదని ఇంటికొచ్చాక చదివాను. హాల్లో అబ్బాయిని అడిగితే, "ఉన్నది ఉన్నట్టు అమ్మకం మేడమ్, చూసుకుని పాడుకోండి" అని వెళ్ళిపోయాడు. కోపమొచ్చింది కానీ ఒక్క కాలే కదా అనిపించింది. 15,000 దాటకూడదని చీటీ మీద రాసుకున్నాను.

ఆదివారం ఆధార్ కాపీ, 2,000 ధరావతు కడితే నంబరు అట్ట ఇచ్చారు. నా కుర్చీ వచ్చేలోపు ఫ్రిజ్‌లు, ఆఫీసు బల్లలు, ఇత్తడి దీపాలు, ఎవరిదో పెళ్ళి ఫొటో ఇంకా తీయని ఫ్రేమూ అమ్ముడైపోయాయి. ఆ ఫొటో చూస్తే కాస్త అదోలా అయింది. అప్పటికే రెండు గంటల టెన్షన్.

పాట 5,000 దగ్గర మొదలైంది, 500 చొప్పున పెరుగుతూ. వెనక గోడకానుకుని నిలబడ్డ దుకాణదారు 11,000 దగ్గర తప్పుకున్నాడు. నాకు అదే ధైర్యమిచ్చింది. అతను మళ్ళీ అమ్ముకోవాలి కాబట్టి లాభం మిగలని చోట ఆగుతాడు, ఆ ధరకి కాస్త అటూఇటూగా మనం కొన్నా షాపు కన్నా తక్కువే పడుతుంది. అసలు భయం నా ముందు వరసలో కూర్చున్న కొత్త జంటతో. వాళ్ళకీ నాలాగే మనసు పడింది, మనసు పడ్డవాళ్ళకి లెక్క ఉండదు. వాళ్ళు 14,000 అన్నారు. నేను అట్ట ఎత్తాను. ఆ అమ్మాయి భర్త చేయి పట్టుకుని కిందికి లాగింది.

"ఒరు తరం... రెండు తరం... మూణు తరం." టక్.

14,500కి కొన్నానని మా ఆయనకి ఫోన్ చేసి, కౌంటర్ దగ్గరికెళ్తే 16,211 అన్నారు. 10 శాతం కమిషన్, ఆ కమిషన్ మీద 18 శాతం జీఎస్టీ. శనివారం ఇచ్చిన కాగితంలో ఉంది, చదవలేదు. రెండ్రోజుల్లో సరుకు తీసుకెళ్ళకపోతే అద్దె కూడా పడుతుందట. అప్పటికప్పుడు టాటా ఏస్ మాట్లాడాను, ఇక్కడ దాన్ని కుట్టి యానై అంటారు. పెరంబూరుకి 1,600. మా మెట్ల మలుపులో ఆ బారు చేతులు తిరగలేదు. మేస్త్రీ వచ్చి కాళ్ళ పలకల సీలలు తీసి, కుర్చీని నిలువుగా లేపితే గానీ మూడో అంతస్తుకి చేరలేదు. పేము నీళ్ళలో నానబెట్టుకుంటూ అల్లినాయన ఆరు రోజులు కూర్చున్నాడు, 4,000 తీసుకున్నాడు.

ఫొటో చూసి డల్లాస్‌లో ఉన్న మా మరిది నాకూ ఒకటి కొని పంపు వదినా అన్నాడు. 1972 నాటి చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన ఇలాంటి వస్తువుల్ని మనలాంటివాళ్ళు దేశం దాటించకూడదని చెప్పాను. మరి నీ కుర్చీకి ఆ వెనక కాలు ఉందిగా అన్నాడు వెధవ.

పాలిష్ ఇంకా కాలేదు. వానల్లో లక్క పాలిష్ పెడితే తేమకి తెల్లగా పొగ పట్టినట్టు అవుతుందని, పొంగల్ వెళ్ళాక చూద్దామని మేస్త్రీ అన్నారు. అంతవరకు పాత దుప్పటి పరుచుకుని కూర్చుంటున్నాం. నేను కాఫీ కలిపి వచ్చేసరికి అందులో మా ఆయనే ఉంటున్నారు.