సిగ్నల్ దగ్గర ఆ అరక్షణం

పదకొండు దాటింది. లైటు ఆర్పి పడుకున్నదాన్ని మళ్లీ లేచి కూర్చున్నాను. కారులో సిలిండర్లకి స్పార్క్ పంచే ఒక డిస్ట్రిబ్యూటర్ గురించి నిద్ర పాడుచేసుకుంటావా అని అన్నయ్య రేపు తప్పకుండా అంటాడు. అననీ.

పొద్దున మళ్లీ అదే జరిగింది. సిగ్నల్ పచ్చబడింది, క్లచ్ వదులుతూ యాక్సిలరేటర్ మెల్లగా తొక్కాను. నా ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ అరక్షణం ఊపిరాడనట్టు తడబడి, ఒక్క కుదుపుతో కదిలింది. వెనకాల హారన్లు.

మెకానిక్ దగ్గరికి ఈ నెలలోనే మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి పెట్రోలు, గాలి కలిపే కార్బ్యురేటర్‌లో జెట్ మార్చాడు. రెండోసారి యాక్సిలరేటర్ పంపు సర్దాడు. మూడోసారి ఐడిల్, అంటే బండి నిలబడి ఉన్నప్పటి ఇంజన్ వేగం, పెంచి పంపాడు. తడబాటు కాస్త దాక్కుంది తప్ప పోలేదు, పెట్రోలు మాత్రం ఎక్కువ తాగుతోంది. "009 వేశాం కదా మేడమ్, దానికి తిరుగులేదు" అంటాడు ప్రతిసారీ. 009 అంటే అతను బిగించిన డిస్ట్రిబ్యూటర్ రకం. ఒక్కసారి స్పార్క్ ఎప్పుడు పడుతోందో చూపించే టైమింగ్ లైట్ పెట్టి చూడమంటే, ఐడిల్‌లో గుర్తు కలిసింది, ఇంకేం చూడాలి అన్నాడు. 009కి చూడాల్సింది ఐడిల్‌లో కాదు! ఇంజన్‌ను 3500 ఆర్‌పీఎమ్ దాకా లేపి, మొత్తం అడ్వాన్స్, అంటే స్పార్క్ ఎంత ముందుగా పడుతోందన్నది, 28 నుంచి 32 డిగ్రీల మధ్య ఆగుతోందా లేదా చూడాలి. ఇది చెప్పబోతే "మీరెందుకు మేడమ్ ఇవన్నీ" అన్న ఆ నవ్వుంది చూడండి, సాయంత్రం దాకా మంటగానే ఉంది.

009లో ఉండేవి తిరిగే బరువులు, స్ప్రింగులు మాత్రమే. ఇంజన్ వేగం పెరిగితేనే అవి విచ్చుకుని స్పార్క్‌ను ముందుకు జరుపుతాయి. నా బండిలో ఉన్నదేమో 34 పిక్ట్-3 కార్బ్యురేటర్. థ్రాటిల్ కొంచెం తెరవగానే వచ్చే పీల్పు, అంటే వాక్యూమ్‌తో డిస్ట్రిబ్యూటర్ వెంటనే స్పార్క్‌ను ముందుకు జరుపుతుందన్న లెక్కతో దాన్ని చేశారు. పలచటి మిశ్రమం నెమ్మదిగా మండుతుంది, కాబట్టి ముందుగా అంటించాలి. 009కి ఆ వాక్యూమ్ ట్యూబే లేదు. బరువులు కదిలేలోపు పోయే ఆ అరక్షణమే నా సిగ్నల్ తడబాటు.

009 పనికిమాలినదని రాద్దామనే ఇది మొదలుపెట్టాను. ఇప్పుడు అలా రాయబుద్ధి కావడం లేదు. వాక్యూమ్ దొరకని జంట కార్బ్యురేటర్ల ఇంజన్లకి అది చక్కగా సరిపోతుంది. తప్పు దానిది కాదు, తెచ్చి ఇక్కడ బిగించిన చేతిది.

అటక మీది డబ్బాలో నాన్న పాత వాక్యూమ్ డిస్ట్రిబ్యూటర్ ఉంది. సాయంత్రం దించాను. గుడ్డ విప్పగానే పాత ఆయిల్ వాసన. నాకు పదేళ్లప్పుడు నాన్న ట్యూబ్ ఒక కొస నా చేతికిచ్చి, "పీల్చమ్మా, పీల్చి నాలుకతో మూసెయ్" అన్నారు. పీల్చాను. నోరంతా రబ్బరు, పెట్రోలు రుచి. లోపల స్పార్క్ కోసం కరెంటును తెంచే పాయింట్లున్న ప్లేట్ కొంచెం పక్కకి జరిగి అక్కడే నిలబడింది. "అదుగో, పట్టుకుంది! డయాఫ్రమ్ బాగుంది" అని ఆయన నాకన్నా ఎక్కువ సంబరపడ్డారు. నాలుక తీస్తే ప్లేట్ టక్కున వెనక్కి. ఆ ఆదివారం అది ఎన్నిసార్లు చేశానో. తర్వాత ఫీలర్ గేజ్ ఇచ్చి పాయింట్ల మధ్య 0.4 మిల్లీమీటర్ల సందు పెట్టించారు. మూడో సిలిండర్ సంగతి కూడా ఆరోజే చెప్పారు. పాత ఇంజన్లలో ఆయిల్ కూలర్ ఆ సిలిండర్‌కి వెళ్లే గాలికి అడ్డం వస్తుంది, అది ఎక్కువ వేడెక్కుతుంది, అందుకే కొన్ని డిస్ట్రిబ్యూటర్లలో ఆ ఒక్కదానికి స్పార్క్ కొన్ని డిగ్రీలు ఆలస్యంగా పడేలా చేశారట. 1971 మోడల్ నుంచి కూలర్‌ను పక్కకి జరిపారు.

ఇందాక మళ్లీ పీల్చి చూశాను. ఇన్నేళ్ల తర్వాత కూడా ప్లేట్ నిలబడింది. రేపే ఇది బిగించేద్దామనుకున్నాను. డబ్బా మూత వేస్తుంటే తట్టింది. ఇది ఒట్టి వాక్యూమ్‌తోనే నడిచే రకం. నాన్న పాత కార్బ్యురేటర్‌కి జోడీ, నా 34కి కాదు. బిగిస్తే మెకానిక్ చేసిన తప్పే నేనూ చేసినట్టు.

నాకు కావాల్సింది బరువులూ వాక్యూమూ రెండూ ఉన్నది, ఒకే ట్యూబ్‌ది. పాయింట్లతోనే తీసుకుంటాను. పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ మాడ్యూల్ పెట్టించమని అన్నయ్య పోరు పెడుతున్నాడు గానీ, అది దారిలో పోతే నేను చేయగలిగిందేమీ లేదు. పాయింట్లయితే రోడ్డు పక్కన ఆగి నేనే సర్దుకుంటాను.

బిగించేది కూడా నేనే. ట్యూబ్ ఊడదీసి, ఐడిల్‌లో ఏడున్నర డిగ్రీలకి టైమింగ్ పెట్టి, ట్యూబ్ మళ్లీ తగిలించాలి. నాన్న చేతులు ఇప్పుడు వణుకుతాయి కానీ టైమింగ్ లైట్ పట్టుకోగలరు. పొద్దున్నే అడగాలి.