మీ క్లబ్బు నుంచి ఎవరూ రారా?

పోయిన సోమవారం ఆఫీసులో నా పక్క సీటు పెద్దాయన అన్న మాట ఒకటి నాకు ఇంకా మింగుడు పడలేదు. ఆయన ఇంగ్లండ్‌లోని ఈ ప్రెస్టన్‌లోనే పుట్టి పెరిగిన మనిషి. ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు ఆడే డీప్‌డేల్ స్టేడియంలో ఆయనకూ, ఆయన తండ్రికీ సీజన్ టికెట్లు ఉన్నాయి. శనివారం నాటి మ్యాచ్ సంగతి నాకు పూర్తిగా అప్పజెప్పందే ఆయన సోమవారం పని మొదలుపెట్టడు. ఆ రోజు ఏదో పెద్ద క్లబ్బు నుంచి లోన్ మీద వచ్చిన పందొమ్మిదేళ్ళ కుర్రాడు అద్భుతంగా ఆడాడని మురిసిపోతుంటే, నేను ఊరుకోకుండా, "ఆరు నెలలకూ ఏడాదికీ మనిషిని ఇచ్చి పుచ్చుకోవడమేమిటి, అతనేమన్నా సామానా?" అన్నాను. ఆయన నవ్వలేదు, కోపమూ తెచ్చుకోలేదు. "నువ్వు ఇక్కడున్నది కూడా లోన్ మీదే కదా. కాకపోతే ఆ పిల్లవాణ్ణి చూడడానికి వాళ్ళ క్లబ్బు నుంచి మనిషి వస్తాడు. నిన్ను చూడడానికి ఎవరైనా వచ్చారా?" అని అడిగి తన పనిలో పడిపోయాడు.

నేను హైదరాబాద్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉద్యోగిని; ఆ కంపెనీ నన్ను ఇక్కడి బీమా సంస్థ పనికి పంపింది. మెడలో వేలాడే కార్డు వీళ్ళది, నెలనెలా వచ్చే జీతం వాళ్ళది. నా వీసా కంపెనీ లోపలి బదిలీ కింద వచ్చింది కాబట్టి ఇక్కడ స్థిరనివాసానికి అది దారి కూడా కాదు. మక్తల్ దగ్గర మా ఊళ్ళో ఉండే మేనమామకు ఈ ఏర్పాటు ఫోన్లో వివరించినప్పుడు ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "పగార పట్నమోళ్ళిస్తరా, ఆ దొరలిస్తరా?" అని. పట్నమోళ్ళేనంటే, "అయితే నీ మేస్త్రి ఎసుంటోడో చూస్కో" అన్నాడు. వయసున్నన్నాళ్ళూ గుంపు మేస్త్రిగా జనాన్ని పుణెకూ బొంబాయికీ తీసుకుపోయిన మనిషి అంతకన్నా ఏమడుగుతాడని అప్పుడు నవ్వుకున్నాను. అదే సంగతి పక్క సీటు ఇంగ్లీషాయన అనేసరికి మాత్రం గుచ్చుకుంది. ఎందుకు గుచ్చుకుందో తేల్చుకోవాలనే ఈ లోన్ల వ్యవహారం గురించి దొరికినంతా చదివాను, ఆయన వెంట డీప్‌డేల్‌కూ వెళ్ళాను.

క్రికెట్ తప్ప మరో ఆట పట్టని మన పాలమూరు జిల్లా వాళ్ళ కోసం కొంచెం వివరంగా చెప్పాలి. ఇక్కడి పెద్ద క్లబ్బులు తొమ్మిదేళ్ళ ప్రాయం నుంచే పిల్లల్ని అకాడమీల్లో చేర్చుకుంటాయి. పద్దెనిమిది నిండేసరికి కుర్రాడికి ఆట వస్తుంది గాని ఆడడానికి చోటు దొరకదు. అతని స్థానంలో కోట్ల పౌండ్లు పోసి కొన్న ఆటగాడు పాతుకుపోయి ఉంటాడు. ఇరవై ఒకటి లోపు వాళ్ళ జట్లకు వేరే పోటీలు ఉన్నా, అవి చాలావరకు ఖాళీ కుర్చీల ముందు జరుగుతాయి, ఓడిపోయినా ఎవరి ఉద్యోగమూ ఊడదు. అందుకని కుర్రాణ్ణి కింది డివిజన్ క్లబ్బుకు పంపుతారు. అన్నిటికన్నా పైనుండే ప్రీమియర్ లీగ్ కింద, ఛాంపియన్‌షిప్ నుంచి లీగ్ టూ దాకా ఉన్న మూడు డివిజన్లలోనూ ప్రతి జట్టూ ఏడాదికి 46 లీగ్ మ్యాచ్‌లు ఆడాలి. శనివారం ఆడి, ఒంటి నొప్పులు తీరకముందే మంగళవారం రాత్రి మళ్ళీ దిగాలి. ఎదురుగా నిలబడే ముప్పై అయిదేళ్ళ డిఫెండర్ ఇంటి కిస్తీ ఆ గెలుపు మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి, ఎదుటివాడు పసివాడన్న కనికరం అతనికి ఉండదు. అకాడమీ ఎంత ఖర్చు పెట్టినా నేర్పలేని చదువు ఇది.

ఇక ఒప్పందం సంగతి. ఇచ్చే క్లబ్బు, పుచ్చుకునే క్లబ్బు, ఆటగాడు ముగ్గురూ సంతకం పెడితే గాని లోన్ చెల్లదు, అంటే కుర్రాడు ఒల్లనంటే పంపలేరు. జీతంలో ఎవరెంత భరించాలో ముందే రాసుకుంటారు. కొన్ని ఒప్పందాల్లో కుర్రాణ్ణి ఆడించకుండా కూర్చోబెడితే పుచ్చుకున్న క్లబ్బు ఎక్కువ చెల్లించుకోవాలనే షరతు ఉంటుంది. ఈ షరతు వెనుక చాలా అనుభవం ఉందనిపిస్తుంది, ఎందుకంటే పుచ్చుకున్న క్లబ్బు మేనేజర్‌కు కావలసింది పాయింట్లే గాని ఎవరి పిల్లవాడి ఎదుగుదలో కాదు. మధ్యలో మేనేజర్ మారితే కొత్తగా వచ్చినవాడు ముందుగా పక్కన పెట్టేది లోన్ కుర్రాణ్ణే. జనవరిలో వెనక్కి పిలుచుకునే హక్కు కూడా చాలాచోట్ల రాసుకుంటారు. ప్రీమియర్ లీగ్‌లో లోన్ మీద ఉన్నవాడు సొంత క్లబ్బు మీద ఆడకూడదు. 2022 ఏప్రిల్‌లో ఎఫ్‌ఏ కప్ అనే మరో పోటీ సెమీఫైనల్లో చెల్సీతో తలపడ్డ క్రిస్టల్ ప్యాలెస్, తన దగ్గర లోన్ మీద ఉన్న కానర్ గాలఘర్‌ను ఆడనివ్వమని అడిగితే, అతని సొంత క్లబ్బు చెల్సీ కుదరదంది. 2014లో మాత్రం చెల్సీ పప్పులు ఉడకలేదు. అట్లెటికో మాడ్రిడ్‌కు లోన్ మీద పోయిన తిబో కుర్త్వా ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్లో చెల్సీకే ఎదురుపడ్డాడు; అతన్ని ఆడిస్తే డబ్బు కట్టాలన్న షరతు చెల్లదని యూరప్ ఫుట్‌బాల్ సంఘం ప్రకటించింది, అతను ఆడాడు, చెల్సీ ఓడింది.

పెద్దాయన ఎప్పుడూ ఉదాహరణగా చెప్పేది గోల్‌కీపర్ జోర్డన్ పిక్‌ఫర్డ్‌ను. సండర్‌లాండ్ అకాడమీలో పెరిగిన ఆ కుర్రాణ్ణి 2012లో, పదిహేడేళ్ళ వయసులో, అయిదో అంచెలో ఉన్న డార్లింగ్టన్‌కు పంపారు. మరుసటి ఏడు అదే అంచెలోని ఆల్ఫ్రెటన్ టౌన్‌కు, తరువాత నాలుగో అంచెలోని బర్టన్ ఆల్బియన్‌కు, మూడో అంచెలోని కార్లైల్‌కు, బ్రాడ్‌ఫర్డ్‌కు, చివరికి 2015లో రెండో అంచెలోని ప్రెస్టన్‌కు పంపారు. పై మెట్టుకు పనికొస్తాడని నమ్మకం కుదిరాకే అక్కడికి పంపుతూ వచ్చారన్నమాట. డీప్‌డేల్ జనానికి ఆ కుర్రాడు బాగా నచ్చి, ఇక సీజనంతా మనవాడేననుకుంటుండగా డిసెంబర్ ఆఖరున సండర్‌లాండ్ వెనక్కి పిలిపించుకుంది. తరువాత అతను ఇంగ్లండ్ జట్టుకే గోల్‌కీపర్ అయ్యాడు. "కొన్నాళ్ళు మా గోల్ ముందు నిలబడ్డాడు" అని పెద్దాయన చెప్పేటప్పుడు ఆ స్వరంలో ఫిర్యాదేమీ వినపడదు.

అందరికీ దారి ఇంత తిన్నగా ఉండదు. 1995లో మాంచెస్టర్ యునైటెడ్ నుంచి ఇదే ప్రెస్టన్‌కు పంపినప్పుడు, తనను వదిలించుకుంటున్నారేమోనని భయపడ్డానని డేవిడ్ బెకమే తరువాత చెప్పుకున్నాడు; ఇక్కడ ఆడిన 5 మ్యాచ్‌ల్లో 2 గోల్స్ కొట్టాడు, ఒకటి కార్నర్ నుంచి నేరుగా. హ్యారీ కేన్ నాలుగు క్లబ్బులు తిరిగాడు. నార్విచ్‌లో పాదం ఎముక విరిగింది, 2013లో లెస్టర్‌లో, పై డివిజన్‌కు చేర్చే ప్లే ఆఫ్ మ్యాచ్‌ల సమయానికి జేమీ వార్డీతో కలిసి బెంచీ మీద కూర్చోవలసి వచ్చింది. ఆ ఇద్దరూ ముందుముందు ఇంగ్లండ్ జట్టుకే ఆడతారని ఆ రోజు వాళ్ళను పక్కన కూర్చోబెట్టిన వాళ్ళు ఊహించి ఉండరు.

పెద్దాయనతో కలిసి మంగళవారం రాత్రి మ్యాచ్‌కు వెళ్ళినప్పుడు, మాకు రెండు వరుసల కింద ఒంటరిగా కూర్చున్న ఒక మనిషిని ఆయన కళ్ళతోనే చూపించాడు. లోన్ కుర్రాడి సొంత క్లబ్బు మనిషట. సన్నగా వాన పడుతోంది. అతను చేతిలోని ట్యాబ్లెట్ మీద ప్లాస్టిక్ సంచి కప్పుకుని, వేలు లోపలికి పోనిచ్చి ఏదో రాసుకుంటున్నాడు. ఆట నడిచినంతసేపూ బంతి ఎక్కడికి పోయినా అతని చూపు మాత్రం ఆ కుర్రాణ్ణి వదలలేదు. కుర్రాడు మధ్యలో బంతి పోగొట్టుకుంటే చుట్టుపక్కల పెద్దలంతా లేచి తిట్టారు. అతను తల కూడా ఎత్తకుండా రాసుకున్నాడు. ఆట ముగిసే ముందు కుర్రాణ్ణి మార్చినప్పుడు, బెంచీ దాకా నడిచి వస్తూ అతను ఎవరితో చేయి కలిపాడు, ఎవరివైపు చూడలేదన్నది కూడా ఆ మనిషి గమనించాడు. ఇప్పుడు పెద్ద క్లబ్బుల్లో ఈ పని కోసమే ఉద్యోగులున్నారు. వీళ్ళు మ్యాచ్ వీడియోల్లోంచి ముక్కలు కత్తిరించి కుర్రాడికి పంపుతారు, ఫోన్లో మాట్లాడతారు, నిద్రా తిండీ అద్దె ఇల్లూ కూడా కనుక్కుంటారు. చెల్సీలో ఈ బాధ్యత చూసినవాళ్ళలో పావులో ఫెరేరా, కార్లో కుడిచీనీ లాంటి పాత ఆటగాళ్ళు ఉన్నారు.

మా కంపెనీ నుంచి ఆ రోజు దాకా నన్ను చూడడానికి ఎవరూ రాలేదు. ప్రతి శుక్రవారం గంటల లెక్క నింపమని మెయిల్ వస్తుంది. గచ్చిబౌలిలో కూర్చునే మేనేజర్, నా పని ఒక్కరోజు కూడా కళ్ళతో చూడని మనిషి, ఇక్కడివాళ్ళు పంపిన నాలుగు వాక్యాలను ముందు పెట్టుకుని ఏడాదికొకసారి నాకు మార్కులు వేస్తాడు. ఇక్కడ శిక్షణ తరగతులు పెట్టినప్పుడు జాబితాలో నా పేరు ఉండదు, ఎందుకంటే నేను వీళ్ళ మనిషిని కాను. కంపెనీని అడిగితే క్లయింట్ దగ్గరే నేర్చుకోవాలంటారు. లోన్ కుర్రాడు తిరిగి వెళ్ళేనాటికి మెరుగుపడి ఉంటేనే అతని క్లబ్బుకు లాభం. నేను మాత్రం ఏ పనికి వచ్చానో అదే పని అలాగే చేస్తూ ఇదే కుర్చీలో కూర్చున్నన్నాళ్ళే మా కంపెనీకి లాభం, ఎందుకంటే వీళ్ళు నాకు కట్టేది రోజు లెక్కన. పెద్దాయన మాట గుచ్చుకున్నది ఇక్కడే. లోన్ మీద ఉన్నావన్నందుకు కాదు, నా లోన్‌లో నా ఎదుగుదల ఎవరి లెక్కలోనూ లేదని ఆయన ఒక్క ప్రశ్నతో చూపించినందుకు.

అలాగని ఆయన ముందు పూర్తిగా తల వంచనవసరం లేదని కూడా అనుకున్నాను. ఫుట్‌బాల్ చేతులు కూడా అంత శుభ్రంగా లేవు. 2018-19లో చెల్సీ 40 మందికి పైగా ఆటగాళ్ళను ఏకకాలంలో లోన్ల మీద పంపింది. అంతమందికి మొదటి జట్టులో చోటు రాదని పంపినవాళ్ళకే తెలుసు. బ్రెజిల్ నుంచి పిల్లవాడిగా వచ్చిన లూకాస్ పియాజోన్ సంగతి చూడండి. చెల్సీ తరఫున ఆడినవి 3 మ్యాచ్‌లే. మలాగా, వితెస్, ఫ్రాంక్‌ఫర్ట్, రీడింగ్, ఫుల్హామ్, కియేవో, రియో ఆవె అంటూ దేశదేశాలు తిరిగి, 2021లో ఇక సెలవంటూ వెళ్ళిపోయాడు. ఇలాంటివి చూసే ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా 2022 జూలైలో నిబంధనలు బిగించింది. ఏ లోన్ అయినా ఏడాది మించకూడదు, లోన్ మీద వచ్చినవాణ్ణి మళ్ళీ ఇంకొకరికి ఇవ్వకూడదు, దేశం దాటించి పంపేవాళ్ళ సంఖ్య మొదట 8, తరువాత 7, 2024 జూలై నుంచి 6 మించకూడదు. 21 ఏళ్ళు దాటని సొంత అకాడమీ కుర్రాళ్ళకు మాత్రం ఈ లెక్క వర్తించదు.

ఇదంతా చదువుతుంటే పదేపదే మా మేనమామే గుర్తొచ్చాడు. పాలమూరు లేబర్ అంటే దేశంలో ఏ డ్యామ్ పనికైనా పిలిచేవాళ్ళు. ఆ పిలుపు వెనుక బయానాలూ, తీరని బాకీలూ, బడి మానిన పిల్లలూ ఉన్నారని మనకు ఒకరు చెప్పనక్కరలేదు. గుంపు మేస్త్రులందరూ మంచివాళ్ళని నేననను. అయినా మేస్త్రి గుంపుతో పాటు బస్సెక్కేవాడు, ఆ డేరాల్లోనే పడుకునేవాడు, ఎవరికి జ్వరమొచ్చిందో, ఎవరి చెయ్యి గోడ కట్టడానికి తిరుగుతోందో అతనికి తెలిసేది. మట్టి మోయడానికి పోయి తాపీ పట్టి తిరిగొచ్చినవాళ్ళు మా ఊళ్ళో ఉన్నారు. వాళ్ళ చేతికి తాపీ ఇచ్చింది మేస్త్రే. పక్క సీటు పెద్దాయనకు ఈ సంగతి చెప్పినప్పుడు ఆయన శ్రద్ధగా విని, "అయితే మీ మామయ్య ఆ ట్యాబ్లెట్ మనిషి అన్నమాట" అన్నాడు. నాకు అది చాలా నచ్చింది, కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

ఆయన ధోరణిలో నాకు పడనిది ఒక్కటే, ఆ నిర్మోహం. 2022 జనవరిలో ఆస్టన్ విల్లా నుంచి వచ్చిన కామెరాన్ ఆర్చర్ ఇక్కడ 7 గోల్స్ కొట్టి వెనక్కి పోయాడు. 2023 జనవరిలో ఎవర్టన్ నుంచి వచ్చిన టామ్ కానన్ 8 గోల్స్ కొట్టాడు. అతన్నయినా ఉంచుకుంటారని ఊరంతా ఆశపడితే, ఆ వేసవి చివర లెస్టర్ కొనుక్కుంది. పిల్లవాడికి మగవాళ్ళ ఆట నేర్పింది మీరు, సొమ్ము చేసుకున్నది వాళ్ళు, మీకు మిగిలిందేమిటని అడిగితే, "ఆ గోల్స్ చూశాం కదా" అంటాడు. అప్పుడు ఆయనకు తెలియని సంగతి ఒకటి నేనే చెప్పాను. కాంట్రాక్టు ఉండగా ఆటగాడు డబ్బుకు దేశం దాటి అమ్ముడుపోతే, ఆ సొమ్ములో 5 శాతాన్ని 12 నుంచి 23 ఏళ్ళ దాకా అతను నమోదైన క్లబ్బులకు పంచాలని ఫిఫా నియమం ఉంది, లోన్ మీద ఆడిన నెలలు పుచ్చుకున్న క్లబ్బు ఖాతాలోకే వస్తాయి. ఇంగ్లండ్ లోపలే జరిగిన అమ్మకం కాబట్టి కానన్ విషయంలో ప్రెస్టన్‌కు దాని కింద చిల్లిగవ్వ రాదు. పెద్దాయన కాసేపు ఆలోచించాడు. ఇప్పుడాయన లోన్ కుర్రాడు గోల్ కొట్టిన ప్రతి సోమవారమూ, ఈ పిల్లవాణ్ణి జర్మనీ వాళ్ళెవరైనా కొనుక్కుంటే బాగుండునని నాతో అంటున్నాడు.