రెండు రోజుల్లో కావాల్సిన ఆరు వేలు

పోయిన నెల మా జూనియర్ ఒకబ్బాయి రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి "అన్నా, టీసీ తీసుకుని ఇంటికెళ్లిపోదామనుకుంటున్నా" అన్నాడు. కొండపి పక్క పల్లె వాళ్లది. పొగాకు బేరన్‌లో (ఆకుని వేడిపెట్టి ఆరబెట్టే కొట్టంలో) పనిచేసే నాన్న ఉన్నట్టుండి పోయాడు, దినాలయ్యి వీడు ఒంగోలు వచ్చేసరికి పరీక్ష ఫీజుకి రెండు రోజులే గడువు, పైగా మెస్ బాకీ రెండు నెలలది. మొత్తం కలిపితే ఆరు వేల చిల్లర.

ఆరు వేలకేనా అనకండి. నేను సెకండియర్‌లో ఉండగా నాన్నకి కాలు విరిగితే, అమ్మ మా వీధిలోనే నూటికి అయిదు వడ్డీకి పది వేలు తెచ్చింది. అంటే నెలకి ఐదొందలు వడ్డీకే, అసలు కదలదు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉందిగా అంటారు. ఉంది, అది వచ్చినప్పుడు వస్తుంది. సోమవారంలోపు కట్టాల్సిన దానికి ఏం పనికొస్తుంది?

అందుకే ఇలా ఇరుక్కున్న జూనియర్ల కోసం మా బ్యాచ్‌లో తొమ్మిదిమందిమి నెలకి తలా ఐదొందలు వేసుకుంటున్నాం. ఆదాయ ధ్రువపత్రం అడగం, డబ్బిస్తూ ఫొటో అసలే దిగం (ఆ ఫొటో భయానికే సగంమంది నోరు తెరవరు), మెస్ బాకీ అయితే నేరుగా మెస్ ఆయనకే ఫోన్‌పే చేసేస్తాం. ఉద్యోగం వచ్చాక మీరూ వేయండి అంటాం. ఇద్దరు వేస్తున్నారు, ఒకడు గ్రూపులోంచి వెళ్లిపోయాడు, పోనీ.

ఈ అబ్బాయికి ఫీజు కట్టాక, నాన్న పాస్‌బుక్ ప్రింట్ వేయించమన్నాను. మే నెలాఖరులో 436 రూపాయలు కటయిన లైను కనిపించింది. ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమా అది, మనిషి పోతే నామినీకి 2 లక్షలు. ఎప్పుడో బ్యాంకులో సంతకం పెట్టించుకుని ఉంటారు, ఇంట్లో ఒక్కరికీ తెలీదు, బ్యాంకువాళ్లు వాళ్లంతట వాళ్లు చెప్పలేదు కూడా. 20 రూపాయల లైనుంటే అది సురక్ష బీమా, ప్రమాదంలో పోయినా, ప్రమాదం వల్ల శాశ్వత వైకల్యం వచ్చినా వర్తిస్తుంది. మరణ ధ్రువపత్రం, నామినీ ఆధార్, పాస్‌బుక్ పట్టుకుని ఆ బ్రాంచికే వెళ్లి క్లెయిమ్ ఫారం అడగాలి. అమ్మతో పాటు వాడూ వెళ్లి ఇచ్చొచ్చాడు, డబ్బు ఇంకా పడలేదు.

పరీక్షలు మంగళవారం మొదలు. మెస్‌లో చారు నీళ్లలా ఉంటోందని నిన్న మళ్లీ ఫోన్ చేసి తిట్టుకున్నాడు.