ల్యాప్‌టాప్ మూసినా ఆగని పని

నా డ్యూటీ సాయంత్రం ఆరింటికి అయిపోతుంది. లెక్కప్రకారం మాత్రమే. ఇంటి నుంచి పనిచేయడం మొదలయ్యాక ఆ ఆరు ఏడైంది, ఏడు కాస్తా తొమ్మిదైంది. ల్యాప్‌టాప్ మూసేసినా, ఒక్క మెయిల్ చూసి వస్తానంటూ మళ్లీ తెరిచేవాణ్ణి. ఒకరోజు రాత్రి పదకొండింటికి నిద్రమత్తులో జవాబు రాస్తూ పాత ఫైలు జతచేసి పంపేశాను. మర్నాడు సగం రోజు దాన్ని సరిదిద్దడానికే పోయింది. అయినా నన్ను నిజంగా కుదిపింది అది కాదు. మా అమ్మాయి బడిలో జరిగిన సంగతేదో చాలాసేపు చెప్పి, చివర్లో "ఇప్పటిదాకా నేనేం చెప్పానో చెప్పు నాన్నా" అంది. నోట మాట రాలేదు.

మొదట అందరూ చేసేదే చేశాను. ఆరింటికి అలారం పెట్టుకున్నాను. మూడు రోజులు లేచాను, నాలుగో రోజు నుంచి అలారం నొక్కేసి పని చేసుకున్నాను. తర్వాత ఫోన్‌ను వేరే గదిలో పెట్టి చూశాను. నడకకు వెళ్లినా కాళ్లు రోడ్డు మీద, బుర్ర రిపోర్టులో. పని మానేయడం ఒకటి, పని మనసులోంచి దిగడం ఇంకొకటి అని అప్పటికి గానీ అర్థం కాలేదు.

ఆ రోజుల్లోనే దీని గురించి కాస్త చదివాను. సగంలో ఆగిన పనులు పూర్తయిన వాటికంటే బాగా గుర్తుంటాయని 1927లో బ్లూమా జైగార్నిక్ అనే సైకాలజిస్టు రాసింది. తర్వాత అదే ప్రయోగం చేసినవాళ్లలో కొందరికి ఆ ఫలితం రాలేదట. నాకు పనికొచ్చింది 2011లో మాసికాంపో, బామైస్టర్ అనే ఇద్దరు సైకాలజిస్టులు చేసిన ప్రయోగాలు. మిగిలిపోయిన పనిని పూర్తి చేయకపోయినా, దాన్ని ఎలా చేయాలో స్పష్టంగా ప్లాన్ వేసుకుంటే చాలు, అది ఆలోచనలకు అడ్డుపడటం తగ్గుతుందని వాళ్లు చూపించారు.

సరే అని ఐదూ ముప్పావుకి నోట్‌బుక్ తీయడం మొదలుపెట్టాను. మొదటి వారం ఘోరం. పద్నాలుగు పనుల జాబితా రాసేవాణ్ణి, అది చూస్తేనే టెన్షన్. అందులో ఒక పని పేరు ఉత్త "రిపోర్ట్". రాత్రి పడుకున్నాక ఆ ఒక్క మాటే బుర్రలో తిరిగేది. ఏం రిపోర్ట్? ఎంత మిగిలింది? ఎక్కడ ఆగాను?

ఒక సాయంత్రం విసుగొచ్చి దాన్ని కొట్టేసి ఇలా రాశాను: "మూడో పేజీ పట్టికలో ఫిబ్రవరి అంకెలు మొదటి పేజీ మొత్తంతో కలవడం లేదు. పొద్దున్నే ముందు రెండో వరుస చూడాలి." అంతే. ఆ రాత్రి రిపోర్ట్ గుర్తుకు రాలేదని చెప్పను, వచ్చింది. కానీ 'రెండో వరుస కదా' అనుకుని పక్కకు తిరిగి పడుకున్నాను. 2018లో స్కల్లిన్ అనే నిద్ర పరిశోధకుడి బృందం 57 మంది మీద చేసిన ప్రయోగం గురించి తర్వాత చదివాను. పడుకునే ముందు ఐదు నిమిషాలు చేయాల్సిన పనులు రాసినవాళ్లు, చేసేసిన పనులు రాసినవాళ్లకంటే సుమారు తొమ్మిది నిమిషాల ముందే నిద్రపోయారట. అందులోనూ ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా. ఇప్పుడు నా పుస్తకంలో మూడు పనులకు మించి ఉండవు, ప్రతిదానికీ మొదటి అడుగు మాత్రం రాస్తాను.

ఇక మిగిలింది ఆరు దాటాక వచ్చే మెసేజ్‌లు. మేనేజర్‌తో మాట్లాడాలంటే భయమేసి నెల రోజులు నాన్చాను. చివరికి అడిగాను: "సార్, అర్జెంటైతే ఫోన్ చేయండి, వెంటనే తీస్తాను. మెసేజ్‌లు మాత్రం పొద్దున్నే చూస్తాను." ఆయన "దానికేముందండీ" అన్నారు. ఇంత సులువని తెలిస్తే ముందే అడిగేవాణ్ణి కదా! తర్వాతి రెండు నెలల్లో వచ్చిన ఫోన్లు మూడు. అందరి మేనేజర్లూ ఇలాగే ఉంటారని కాదు, నా అదృష్టం కూడా కొంత ఉంది.

రాయడం అయ్యాక ల్యాప్‌టాప్ బ్యాగులో పెట్టి జిప్ వేస్తాను. బల్ల మీద మూసి ఉంచితే చెయ్యి దానంతటదే వెళ్తుంది. జిప్ తీయాలంటే బద్ధకం. నా బద్ధకం నాకు పనికొచ్చిన సందర్భం ఇదొక్కటే. తర్వాత బట్టలు మార్చుకుని ఇరవై నిమిషాలు నడుస్తాను.

నెలాఖరు మూడు రోజులు మాత్రం ఈ పద్ధతి ఇప్పటికీ పారదు. లెక్కలు ముగిసేదాకా లేవలేను. అందుకే ఆ మూడు రోజులూ ఆలస్యమవుతుందని ఇంట్లో ముందే చెప్పేస్తున్నాను. క్యాలెండర్‌లో ఆ తేదీల చుట్టూ సున్నా చుట్టేది మా అమ్మాయే.