పొరపాటున చంపాడంట

హాస్టల్లో మా పక్క రూమ్‌లో ఒక సింగ్ ఉండేవాడు. పంజాబ్ వాడేం కాదు, పక్కా హైదరాబాదీ, 1830ల్లో మహారాజా రంజిత్ సింగ్ పంపిన ఫౌజుతో నిజాం రాజ్యానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన దక్కనీ సిక్కుల కుటుంబం, తెలుగు మాకంటే బాగా మాట్లాడేవాడు. వాడు మధ్యాహ్నం మెస్‌లోకి వస్తే చాలు ఎవడో ఒకడు "పన్నెండయింది రోయ్" అని అరిచేవాడు (పన్నెండయితే సర్దార్ల బుర్ర పనిచెయ్యదని ఓ పాత జోకులే), మేమంతా పడీపడీ నవ్వేవాళ్ళం, వాడూ నవ్వేవాడు. వాడే నవ్వుతున్నాడు కదా, ఇంక బాధేముంది అనుకునేవాళ్ళం. సర్దార్ జోకులు వాడికే ఫార్వర్డ్ చేసిన ఘనుణ్ణి నేను.

చదువయ్యాక వాడు అమెరికా వెళ్ళాడు. ఎప్పుడో ఒకసారి ఫోన్లు, అంతే. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేథ్‌లో మన కూచిభొట్ల శ్రీనివాస్‌ని బార్‌లో ఒకడు కాల్చి చంపాడు కదా, "నా దేశం నుంచి పొండి" అని అరిచి మరీ కాల్చాడు, తర్వాత ఇంకోచోటికెళ్ళి ఇరానియన్లని కాల్చానని చెప్పుకుని దొరికిపోయాడు. ఆ వారం మనవాళ్ళ గ్రూపుల్లో ఒకటే మెసేజ్‌లు, బయట తెలుగులో మాట్లాడకండి, రాత్రిళ్ళు తిరక్కండి అని. అప్పుడు సింగ్‌గాడు ఫోన్ చేశాడు. నేనేదో మాట్లాడాలి కాబట్టి "ఇరాన్ వాళ్ళనుకున్నాడంట రా, పాపం పొరపాటున చంపాడంట" అన్నా. వాడు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అంటే నిజంగా ఇరాన్ వాడైతే పొరపాటు కాదా రా?" అన్నాడు.

నా దగ్గర సమాధానం లేదు. ఈ ప్రశ్న అప్పటికప్పుడు వాడికి తట్టింది కాదని తర్వాత తెలిసింది, అక్కడి సిక్కులు 2001 నుంచీ తమలో తాము వాదించుకుంటున్నదే ఇది.

2001 సెప్టెంబర్ 15న, అంటే ట్విన్ టవర్స్ కూలిన నాలుగు రోజులకి, అరిజోనాలోని మీసాలో బల్బీర్ సింగ్ సోధీ అనే ఆయన తన గ్యాస్ స్టేషన్ ముందు పూలమొక్కల పని చూసుకుంటుంటే కాల్చి చంపారు. దానికి ముందే, సెప్టెంబర్ 12న, రోడ్ ఐలండ్‌లో ఒక తలపాగా ఆయన్ని రైల్లోంచి దింపి బేడీలు వేసి తీసుకెళ్తుంటే ఆ వీడియోని టీవీలు తిప్పి తిప్పి వేశాయి. ఆయన దగ్గర దొరికింది కిర్పాణ్, అంటే సిక్కులు మతాచారంగా దగ్గర పెట్టుకునే చిన్న కత్తి, ఆ దాడులతో ఆయనకి ఏ సంబంధమూ లేదు. వదిలేశారన్న వార్త మాత్రం అన్నిసార్లు వెయ్యలేదు. తలపాగా కనిపిస్తే టెర్రరిస్ట్ అని జనాల బుర్రలో ముద్ర పడటానికి అలాంటి నాలుగు క్లిప్పులు చాలవా.

మొదట్లో చాలామంది సహజంగానే "మేం ముస్లింలం కాదు, సిక్కులం" అని చెప్పుకున్నారు. టాక్సీలకీ షాపులకీ అమెరికా జెండాలు కట్టుకున్నారు. ప్రాణభయం ఉన్నవాడు ఏదంటాడో మనం జడ్జ్ చెయ్యలేం, నేనైతే ఇంకా ముందే అనేసేవాణ్ణి. కానీ ఆ మాటలో ఇంకో అర్థం కూడా ఉంది కదా, నన్నొదిలెయ్, అసలువాడు ఆ పక్కింట్లో ఉన్నాడు అని. అది తెలిసే చాలామంది ఆ మాట మానేశారు. 2017లో కెనడాలో జగ్మీత్ సింగ్ ఎన్‌డీపీ అనే పార్టీ నాయకత్వానికి పోటీ చేస్తున్నప్పుడు బ్రాంప్టన్‌లో మీటింగ్‌లోకి ఒకావిడ వచ్చి షరియా అనీ ఏదో అనీ మీద మీదకి వచ్చి అరిచింది, ఆ వీడియో మీరు చూసే ఉంటారు. నేను సిక్కుని అని ఒక్క ముక్క చెప్తే అయిపోయేది, చెప్పలేదు, అందరూ మీకు స్వాగతం, మిమ్మల్ని ప్రేమిస్తున్నాం అంటూ నిలబడ్డాడు. ఎందుకు చెప్పలేదంటే, అలా చెప్తే ముస్లింని ద్వేషించడం ఓకే అన్నట్టు అవుతుందని తర్వాత వివరించాడు. మన సింగ్‌గాడి ప్రశ్నే ఇది.

2012 ఆగస్ట్ 5న విస్కాన్సిన్‌లోని ఓక్ క్రీక్ గురుద్వారాలో తెల్లజాతే గొప్పదనే నియో నాజీ ఒకడు ఆరుగురిని చంపాడు, గాయపడిన ఇంకొకాయన ఏళ్ళ తరబడి మంచం మీదే ఉండి 2020లో చనిపోయారు. అప్పుడు కూడా టీవీల్లో "ముస్లింలనుకుని" అనే మాటే. చనిపోయినవాళ్ళలో గురుద్వారా ప్రెసిడెంట్ సత్వంత్ సింగ్ కలేకా ఒకరు, ఆయన కొడుకు పర్‌దీప్ ఏం చేశాడంటే ఒకప్పుడు అలాంటి శ్వేతజాతి ముఠాల్లోనే తిరిగి బయటికొచ్చిన ఆర్నో మైకేలిస్ అనే అతన్ని వెతికి పట్టుకుని మాట్లాడాడు, ఆ ఇద్దరూ కలిసి స్కూళ్ళల్లో పిల్లలతో పనిచేశారు. అంత గుండె నాకైతే లేదు. ఏడుపులూ ప్రార్థనలతో ఆపకుండా సంఘాలవాళ్ళు ప్రభుత్వం వెంటపడ్డారు కూడా, 2015 నుంచి ఎఫ్‌బీఐ సిక్కుల మీద ద్వేష నేరాలని విడిగా లెక్కపెట్టడం మొదలుపెట్టింది. అంతకుముందు ఆ లెక్కల్లో సిక్కులకి విడిగా గడే లేదు, లెక్కే లేకపోతే సమస్య ఉందని ఎలా చూపిస్తారు!

పిల్లల సంగతి ఇంకా దారుణం. 2014లో సిక్ కోఅలిషన్ అనే అక్కడి సిక్కుల హక్కుల సంఘం సర్వే చేస్తే సగం మందికి పైగా పిల్లలు స్కూల్లో ఏడిపిస్తున్నారని చెప్పారు, తలపాగా కట్టుకునేవాళ్ళలో అది 67 శాతం. పట్కా, అంటే పిల్లలు తలకి కట్టుకునే చిన్న గుడ్డ, లాగెయ్యడం, టెర్రరిస్ట్ అని పిలవడం. సింగ్‌గాడి కొడుక్కీ అయింది, సింగ్‌గాడు స్కూల్‌తో నోటిమాట కాకుండా అన్నీ కాగితం మీద పెట్టించాడు, తర్వాత క్లాసులో తనే ఒక పీరియడ్ అడిగి తలపాగా కట్టి చూపించి వచ్చాడు. పిల్లలు "ఎన్ని మీటర్లు అంకుల్" అని అడిగారంట.

ఇవన్నీ అమెరికా ముచ్చట్లు అనుకుంటారేమో. 2020 చివర్లో ఢిల్లీ సరిహద్దుల్లో రైతులు కూర్చుంటే కొన్ని ఛానళ్ళు ఖలిస్తానీ, అంటే సిక్కులకి వేరే దేశం కావాలనేవాడు, అనే మాట ఎంత ఈజీగా వాడేశాయో మనం చూశాం, తెలుగులో కూడా. వాళ్ళేమో ట్రాలీ టైమ్స్ అని సొంతంగా ఓ పేపర్ పెట్టుకుని, ఎవరొచ్చినా లంగర్‌లో, అంటే సిక్కుల ఉచిత భోజనాల పంక్తిలో, కూర్చోబెట్టి రొట్టెలు పెట్టారు. 2022 సెప్టెంబర్‌లో ఆసియా కప్‌లో పాకిస్తాన్ మీద మన సిక్కు బౌలర్ అర్ష్‌దీప్ క్యాచ్ వదిలేస్తే రాత్రికి రాత్రి అతని వికీపీడియా పేజీలో ఖలిస్తాన్ అని రాసేశారు. ఒక్క క్యాచ్‌కి. 2024 టీ20 వరల్డ్ కప్‌లో 17 వికెట్లు తీశాడు, అప్పుడు మళ్ళీ మనోడే.

సర్దార్ జోకుల మీద సుప్రీంకోర్టుకి వెళ్తే, పౌరులకి నీతి మార్గదర్శకాలు మేం పెట్టలేం అని 2017లో చెప్పింది. చట్టంతో ఆగేవి కాదులే అవి.

మొన్న మా హాస్టల్ గ్రూప్‌లో ఎవడో మళ్ళీ పన్నెండు గంటల జోకు పెట్టాడు. నేను డిలీట్ చెయ్యరా అని రాసి పంపేలోపే సింగ్‌గాడు నవ్వుతున్న ఎమోజీ పెట్టేశాడు. విడిగా ఫోన్ చేసి ఎందుకు నవ్వావురా అని అడిగా. "నవ్వకపోతే మెస్‌లో ఎవడు పక్కన కూర్చుంటాడు రా" అన్నాడు.